గేహజీ పిల్లలు

ఆ రోజు పొద్దున పాప స్కూల్ యూనిఫాం ఇస్త్రీ చేస్తున్నాను. మా ఆయన వచ్చి నా చేయి పట్టుకున్నాడు. "గింత కాలితే సోయి లేదా నీకు?" ముంజేతి మీద బొబ్బ లేచి ఉంది. నాకు మంటే తెలియలేదు. అక్కడ కొన్ని నెలలుగా పాలిపోయిన మచ్చ ఉండేది. ఎండకు వచ్చిందనుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో స్కిన్ డాక్టరమ్మ నన్ను కళ్ళు మూసుకోమని, దూదితో తాకిన చోటల్లా వేలు పెట్టి చూపించమంది. మచ్చ మీద తాకితే తెలియనే లేదు. బయాప్సీ రిపోర్టు వచ్చాక, "హాన్సెన్స్ డిసీజ్ అమ్మా. కుష్ఠు అంటారు. ఎండీటీ అని మందులున్నాయి, ఏడాది వాడితే క్యూర్ అవుతుంది" అంది.

ఆ మాట నాకు బైబిల్లోనే పరిచయం. ఎల్బీనగర్ దగ్గర మా చర్చిలో సండే స్కూల్ నేనే చెప్తాను. గేహజీ కథ చాలాసార్లు చెప్పాను. ప్రవక్త దగ్గర పనిచేసే గేహజీ, ప్రవక్త కుష్ఠు నయం చేసి కానుకలు వద్దన్న ఒక సేనాపతి వెంటబడి, అబద్ధమాడి వెండీ బట్టలూ తీసుకుంటాడు. ఆ కుష్ఠు నీకూ నీ సంతానానికీ ఎప్పటికీ ఉంటుందని ప్రవక్త శపిస్తాడు.

"మా పాపకు వస్తదా మేడం?"

"వంశపారంపర్యం కాదమ్మా. ఇంట్లో అందరికీ స్క్రీనింగ్ చేద్దాం. రాకుండా సింగిల్ డోస్ టాబ్లెట్ ఇస్తాం."

పాప ఒంటి మీద ఏమీ లేదు. అయినా జడ వేసేటప్పుడల్లా మెడ వెనక చూసేదాన్ని.

మందులకు నా ముఖం నల్లబడింది. నేను పనిచేసే కోచింగ్ సెంటర్‌లో అడిగితే ఎండ అని చెప్పేదాన్ని. తగ్గుతోంది అనుకునేసరికి మోచేతి దగ్గర నరం వాచి, చిటికెన వేలు వంగింది. "లెప్రా రియాక్షన్. చచ్చే క్రిముల మీద ఒళ్ళు తిరగబడి నరాలు వాస్తాయి. ఎండీటీ ఆపొద్దు, స్టెరాయిడ్స్ స్టార్ట్ చేద్దాం" అంది డాక్టరమ్మ. వాటితో ఒళ్ళు ఉబ్బింది, నిద్ర పట్టేది కాదు. పాప జడ పక్కింటి అక్క వేసేది.

పాస్టర్ గారు ప్రార్థనకు వచ్చారు. కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడతారు.

"అబద్ధమాడింది గేహజీ. పిల్లలేం చేసిన్రు అయ్యగారూ?" అని అడిగాను.

"ఆ రోజుల్లో చాలా చర్మరోగాలకు అదే పేరు వాడేవారంటారమ్మా. మీకొచ్చింది అది కాకపోవచ్చు."

"రోగం పేరు మారితే శాపం న్యాయమైతదా?"

"తండ్రి దోషం కొడుకు మొయ్యడని ఇంకోచోట రాసుంది. రెండూ ఒకే బైబిల్లో ఎలా ఉన్నాయో నాకూ తెలీదమ్మా" అన్నారు. చిన్న ప్రార్థన చేసి వెళ్ళారు. తెలియదన్నందుకే ఆయన మీద కోపం రాలేదు.

మందుల కోర్సు అయిపోయాక సండే స్కూల్లో మళ్ళీ గేహజీ పాఠం వచ్చింది. కథంతా చెప్పి, నాకూ ఆ జబ్బే వచ్చిందని, మందులతో తగ్గిందని చెప్పాను.

"మరి దేవుడు పిల్లలకెందుకు ఇచ్చిండు టీచర్?" అని ఒక పాప అడిగింది.

"నాకు తెల్వది బిడ్డా. నాకది న్యాయం అనిపించలే. దేవున్నే అడుగుతున్న."

మరుసటి వారం ఇద్దరు ముగ్గురు పిల్లలను వాళ్ళ ఇళ్ళల్లో పంపలేదు. మిగతావాళ్ళు వచ్చి కూర్చున్నారు. అలసటగానే ఉంది, అయినా పాఠం చెప్పాను.

ఇప్పుడు వేలు కొంత సాగింది. గుండీ పెట్టుకోవడం ఇంకా కష్టమే. బైబిల్ చదువుతూనే ఉన్నాను. ఆ అధ్యాయం దాటేసి పోను, దానితో రాజీ కూడా పడలేదు. మీకు చెప్పేది ఒక్కటే. ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చ కనిపిస్తే, ఎందుకొచ్చిందా అని ఆలోచిస్తూ కూర్చోవద్దు. సర్కారు దవాఖానలో మందు ఉచితం. వేలు వంగకముందే వెళ్ళండి.