అక్కయ్య ఉప్పుకు నేను వేసిన తాళం

ఈ రోజు పొద్దెక్కాక, కళ్లంలో మిరపకాయలు ఆరబోస్తున్న మా అక్కయ్య నన్ను చూచి, "ఎవరయ్యా నువ్వు?" అని అడిగింది. నలభై ఎనిమిదేళ్లుగా నన్నెరిగిన మనిషి! వడదెబ్బ అనుకొని రెండు చెంబుల మంచినీళ్లు తాగించాను. దానితో మాట కూడా తడబడింది. వెంటనే కారు మాట్లాడి గుంటూరు ఆసుపత్రికి తీసుకొనిపోయాను.

డాక్టరు గారు రక్తపరీక్ష చేయించి, "ఈమెకు ఉప్పు పెట్టడం లేదా?" అన్నారు.

"రక్తపోటుకు మాత్రలిచ్చి, ఉప్పు తగ్గించమన్నారు కదండీ! నేను పూర్తిగా మాన్పించాను. ఊరగాయ జాడీలు భోషాణంలో పెట్టి తాళం వేశాను" అన్నాను, కొంత గర్వంగానే.

"తగ్గించమంటే మాన్పించమనా? ఆ మాత్రే ఒంట్లో ఉప్పును మూత్రంలో పోగొడుతుందయ్యా! ఉన్న కాస్తా మీ నీళ్లతో పలచబడింది. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదు."

రాత్రి బడిలో చదివి పట్టా పుచ్చుకొన్న నేను, పాత మందుచీటీ తీసి మళ్లీ చదువుకొన్నాను.

సెలైను ఎక్కించాక, సాయంత్రానికి అక్కయ్య నన్ను గుర్తుపట్టింది. "ఏరా తమ్ముడూ, తాళంచెవి ఏదిరా?" అన్నది.

దానిని డాక్టరు గారికే అప్పగించి వచ్చాను. వైద్యుని మాటకు నావలె సొంత తెలివి జోడించినవారు ఇంకెవరైనా ఉంటే, మన రాత్రి బడి గోడకు అంటించిన ఈ గోడపత్రిక కిందనే వ్రాయండి.