మీ పిల్లలు ఏడ చదువుతున్నరు సారూ?

మా చిన్నప్పుడు... జూన్ వచ్చిందంటే చాలు, రెజిమెంటల్ బజార్‌లోని మా గల్లీకి సర్కారు బడి సారు ఫారాలు పట్టుకుని వచ్చేవాడు. పుస్తకాలు ఉచితం, బట్టలు ఉచితం, మధ్యాహ్నం అన్నం కూడా...

మా అమ్మకు ఉచితం అన్న మాట వింటేనే అనుమానం. మోండా మార్కెట్‌లో బెండకాయ కొన విరిచి చూడనిదే సంచిలో వేసుకోని మనిషి. ఆ సారును గుమ్మంలోనే నిలబెట్టి ఒకటే అడిగింది.

"మీ పిల్లలు ఏడ చదువుతున్నరు సారూ?"

సారు నేలచూపులు చూశాడు. "ప్రైవేటులమ్మా..."

"గట్లయితే మా బిడ్డనే దొరికిందా మీకు?" అంటూ ఫారం వాపస్ ఇచ్చేసింది.

పోనీ ప్రైవేటు బడిలో వేస్తుందా అంటే, అక్కడా అనుమానమే. "గేటు కాడ వాచ్‌మన్ గంత నవ్వుతుండు, లోపలికి మాత్రం పోనిస్తలేడు. ఏందో ఉన్నది" అని తిరిగొచ్చింది. బళ్ళు తెరిచి వారమైనా నేను ఇంట్లోనే... ఎంత ఏడ్చానో!

అప్పుడు వచ్చింది అదే సర్కారు బడి శాంత టీచర్. ఒక చేతిలో ఫారం, ఇంకో చేతిలో తన కూతురి చెయ్యి.

"ఈమె మా బిడ్డ. మీ బిడ్డ పక్కనే కూసుంటది."

అమ్మ సంతకం పెట్టింది. నమ్మిందనుకున్నారా? మూడు రోజులు ప్రార్థన వేళకు బడి గోడ పక్కన నిలబడి, ఆ పిల్ల నిజంగా వస్తోందో లేదో చూసింది. నాలుగో రోజు అమ్మ గోడ దగ్గరికి రాలేదు. ఆ పిల్ల పక్కనే కూర్చుని పదో తరగతి దాకా చదివాను.

ఇప్పుడు నేనూ సర్కారు టీచర్నే. మొన్న జూన్‌లో బొల్లారంలో ఇల్లిల్లూ తిరిగాను. పిల్లలు తగ్గితే మా బడిని ఇంకో బడిలో కలిపేస్తారని భయం. ఇంగ్లీషు మీడియం, పుస్తకాలు, అన్నం... గుక్క తిప్పుకోకుండా చెప్పాను. గుమ్మంలో నిలబడ్డ ఒకావిడ అంతా విని అడిగింది.

"మీ పాప ఏడ చదువుతుంది మేడం?"

మా పాప ఆ పొద్దున్నే పసుపు బస్సెక్కి ప్రైవేటు బడికి వెళ్ళింది. అదే చెప్పాను. ఆవిడ ఫారం నా చేతిలో పెట్టేసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మిమ్మల్ని బడిలో వేసేముందు మీ ఇంట్లో ఎవరు, ఏం అడిగారు? గుర్తుంటే రాయండి... ఆవిడ తిరిగిచ్చిన ఫారం ఇంకా నా బ్యాగులోనే ఉంది. అందులో మా పాప పేరు రాద్దామంటే చెయ్యి రావడం లేదు.