తడిస్తే తెగే దారం

1957లో మా తాత భూమన్నకు కాగజ్‌నగర్ దిక్కు నకిలీ పట్టుదారం మిల్లులో పని దొరికింది. కట్టె గుజ్జును మందుల్లో కరిగించి, సన్న రంధ్రాల్లోంచి దారంగా తీస్తారట. ఏడో తరగతితో బడి మానేసిన నేను అంతకుమించి చెప్పలేను. మెరుపు పట్టుదే, పుట్టుక మాత్రం చెట్టుది.

నాయనమ్మ శంకరవ్వ సిరిసిల్లలోనే ఉండిపోయింది. మిల్లు దగ్గర ఐదుగురు మగవాళ్లకు ఒకే గది. ఆమెను ఎక్కడ పెట్టాలి? తాత నెలకోసారి రైల్లో పెద్దపల్లిదాకా, ఆపైన రెండు బస్సుల్లో, శనివారం పొద్దుగూకేసరికి వచ్చేవాడు. ఆదివారం పొద్దున్నే దోస్తులతో కల్లుకు పోయేవాడు. వచ్చి తిని పడుకునేవాడు. సాయంత్రం మళ్లీ బస్సు. నెలంతా దాచుకున్న మాటలు నాయనమ్మ నోట్లోనే మిగిలేవి. “మీ తాత నాకోసం వస్తుండో, కల్లుకోసం వస్తుండో ఎరుకయ్యేది కాదు బిడ్డా” అంటుంది.

ఒకసారి ఆయన మిల్లు దారం తెచ్చి చీర నేసుకొమ్మన్నాడు. ఖాళీగా పడి ఉన్న ఆయన మగ్గం మీదే ఆమె నిలువు పోగుల పడుగు ఎక్కించింది. ఎండకు నూలు పెళుసైతే సాలెవాళ్లు తడిగుడ్డ అద్దుతారు. తడిస్తే నూలు గట్టిపడుతుంది. ఆ అలవాటుతోనే దీనికీ అద్దింది. అడ్డపోగు లాగే నాడెను నాలుగుసార్లు విసిరిందో లేదో, పోగులు టపటపా తెగిపోయాయి.

ఆ సాయంత్రమే తాత ఊరికొచ్చాడు. మరునాడు ఆదివారం. మగ్గం చూసి నెత్తి కొట్టుకున్నాడు.

“నీళ్లు పెట్టినవా ఏందే?”

“నూలుకు పెట్టమా?”

“గిది నూలు కాదే! తడిస్తే బలం పోతది, ఆరితే మళ్ల వస్తది. మిల్లుల అందరికి ఎరుకే.”

“నేను మిల్లుల ఉంటున్ననా, ఎరుకుండేటందుకు?”

వాకిట్లోంచి దోస్తు ముత్యం పిలిస్తే “ఇయాల రాను, పో” అన్నాడు తాత. జారుడు పోగులు, ఒక్కరు వేస్తే ముడి నిలవదు. ఆమె ఒక కొస పడితే ఆయన రెండో కొస. నెల రోజుల మాటలన్నీ ఆ పూటే బయటికొచ్చాయి.

మరుసటి నెల ఆయన లేవకముందే నాయనమ్మ పడుగు మీద చెంబెడు నీళ్లు చల్లి, నాడె విసిరింది.

“మళ్ల తెగినయా?” అన్నాడు తాత, మగ్గం కింద తడిసిన నేలను చూస్తూ. “నీళ్లు పెట్టలే గద?”

“లే. చెమట పడ్డదేమో.”

“గింత చెమటనా!”

తాత పక్కన కూర్చుని తెగిన కొస ఒకటి అందుకున్నాడు.

మూడో నెలకు నాయనమ్మకు సిగ్గేసింది. చెంబు ముట్టలేదు. ముత్యం బయట కేకేస్తున్నాడు. తాత మగ్గం దగ్గరే తచ్చాడాడు.

“ఇయాల తెగలేదా?”

“లే.”

ఆయన ఒక పోగును రెండు వేళ్లతో పట్టి పుటుక్కున తుంచాడట. ఆ ఒక్క పోగు అతకడానికి సాయంత్రం బస్సుదాకా పట్టింది.