మంగళం అయ్యాక నాటు పాట

పిల్లలూ, వీడియో చూసి "నానమ్మా, జనమంతా నిలబడే ఉన్నారేంటి?" అని అడిగారు కదా, చెబుతాను వినండి.

ఆ ఆదివారం సాయంత్రం మిర్యాలగూడ ఫంక్షన్ హాల్లో మా వాద్యబృందం కచేరీ. వీణ, వేణువు, మృదంగం, వయొలిన్లు. నాది వయొలిన్. అందరికీ తెలిసిన కీర్తనలతో పాటు నేను కట్టిన కొత్త బాణీ కూడా ఉంది. గరిడేపల్లి దిక్కు వరి నాట్లేసే ఆడవాళ్ల పాట వరుసమీద కట్టాను. ఒక్కసారైనా దాన్ని జనం ముందు మొత్తం వినిపించాలని నా పట్టుదల.

బృందాన్ని నడిపేది కోదాడ వీణాయన. "మీది చివర్లో పెడదామమ్మా, మంగళానికి ముందు," అన్నాడు.

"అప్పటికి సగం మంది పోతరు గద."

"ఉన్నోళ్లు వింటారు లేండి."

"సరే, ఉన్నోళ్లకే వినిపిస్త," అన్నాను.

కీర్తనలు బాగా సాగాయి. ఆఖరిది అవగానే వేణువు వాయించే ఆయన, ఏళ్ల అలవాటు కదా, నేరుగా మంగళం ఎత్తుకున్నాడు. ఎత్తుకున్న మంగళాన్ని మధ్యలో ఆపకూడదు. నేనూ వాయించాను. జనం లేచి చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు.

వేణువు ఆయన నాలుక కరుచుకున్నాడు. "మీది యాది మరిచిన, అక్కా."

"మంగళం అయ్యాక వాయిస్తే బాగోదమ్మా. వచ్చే కచేరీలో మొదటే పెడతాను," అన్నాడు వీణాయన.

"అప్పుడు మళ్ల వాయిద్దాం. ఇయ్యాల్టిది ఇయ్యాల్నే," అని వయొలిన్ పాదానికి ఆనించుకుని ఒక్కదాన్నే మొదలుపెట్టాను.

నాట్లేసేవాళ్లు చేతిలో నారు కట్ట అయిపోగానే పాట ఆపుతారు. ఇంకో కట్ట అందుకుని మళ్లీ ఎత్తుకుంటారు. నా బాణీలోనూ అక్కడ ఆగాలి. ఆగాను. చెప్పులు వెతుక్కుంటున్నవాళ్లు ఇటు తిరిగారు. తలుపు దాకా వెళ్లిన ఒక ముసలామె, సరిగ్గా కట్ట అందుకునేంత సేపు ఆగి, అక్కడి నుంచే పాట అందుకుంది. ఆమె పక్కన ఇంకొందరు. నేను కలిశాను. మృదంగం కలిసింది. వీణాయన కూడా మెల్లగా తీగ మీటాడు.

ఎవరో "కూసోండ్రి, కూసోండ్రి," అన్నారు.

"నాటు పాట కూసోని ఎవలింటరు బిడ్డా?" అంది ముసలామె.

చివరిదాకా వాయించాను. అందుకే ఆ వీడియోలో కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి.