కొలతలోకి రాని పిండి

బిల్కిస్ నా లేత్ షాపుకు మొదటిసారి వచ్చినప్పుడు ఆమె చేతిలో కాగితంలో చుట్టిన వాఫుల్ ఒకటి ఉంది. నిజామాబాద్‌లో ఐస్‌క్రీం దుకాణంలో కొని, బస్సులో నలగకుండా ఒళ్లో పెట్టుకుని బోధన్ దాకా తెచ్చింది. నా బల్ల మీద ఇనుప రజను ఊడ్చి, దాన్ని జాగ్రత్తగా పెట్టింది.

"వెంకటన్నా, గిసువంటి గళ్ల రొట్టె వచ్చేటట్టు అచ్చు చేసిస్తవా? ఇనుపది. పొయ్యి మీద పెట్టేది."

కరెంటువి దొరుకుతాయి కదా అన్నాను. చుట్టాలింట్లో చూసిందట. ఆర్నెల్లకే పూత లేచిపోయిందట. ఇనుమైతే ఎంత గీకినా పోయేదేం లేదంది. ఆ మాటకు నాకు ఆమె మీద గౌరవం కలిగింది. వర్నియర్ తీసి గళ్ల లోతూ వెడల్పూ కొలవడం మొదలుపెట్టాను.

"రొట్టెకు వర్నియర్ పెట్టినోన్ని నిన్నే సూస్తున్న" అని నవ్వింది.

"కొలిచినంక తినొచ్చునా?"

"నువ్వు తిను, నీకేం గాదు. మా బిడ్డ అల్మాస్‌ది గా కథ కాదు. గందుకే ఈ తిప్పలు."

బిల్కిస్ భర్త లతీఫ్ బేకరీ మేస్త్రీ. బోధన్‌లో పొద్దున్నే బన్ను ముంచుకుని చాయ్ తాగేవాళ్లలో సగం మంది అతని చేతి బన్నే తింటారు. అతని తండ్రిదీ, బిల్కిస్ తండ్రిదీ అదే పని. అలాంటి ఇంట్లో పుట్టిన ఒక్కగానొక్క పిల్లకు గోధుమ పడదని తేలింది. ఏం తిన్నా కడుపు ఉబ్బేది, ఒళ్లు మాత్రం ఎండిపోయేది. నిజామాబాద్ డాక్టరమ్మ పరీక్షలు చేయించి, గోధుమలో గ్లూటెన్ అనే జిగురు ఉంటుందనీ, అది ఈ పిల్ల పేగులను పాడుచేస్తోందనీ విడమరిచి చెప్పింది. మైదా, రవ్వ, సేమ్యా, అన్నీ బంద్. చిటికెడు కూడా పోకూడదు. పప్పులు, గుడ్లు, పల్లీలు బాగా పెట్టి ప్రొటీన్ అందేలా చూడమంది. మళ్లీ చూపించుకునే నాటికి బరువు పెరగకపోతే హైదరాబాద్‌లో ఆస్పత్రిలో చేర్పించాల్సి ఉంటుందని కూడా అంది.

భార్యాభర్తలిద్దరూ ఆ మాట పట్టుకున్నారు. ఇంట్లోంచి గోధుమపిండి డబ్బా బయటికి పోయింది. లతీఫ్ బేకరీ నల్లా కిందే స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని ఇంటికి వచ్చేవాడు.

అయితే అల్మాస్‌కు తొమ్మిదేళ్లు. బడిలో అందరూ ఒకటి తింటుంటే తానొకటి తినాలంటే సిగ్గు. టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి తెచ్చేది. బడి పిల్లలందరితో నిజామాబాద్ పోయిన రోజున మిగతావాళ్లు వాఫుల్ తింటుంటే ఈ పిల్ల బస్సులో కూర్చుందట. ఇంటికొచ్చి ఒకటే మాట. "అమ్మీ, నాక్కూడ గదే కావాలె."

అది విని ఊరుకోబెట్టే తల్లులు ఉంటారు. బిల్కిస్ పనిలోకి దిగింది.

ఆమె వృత్తి కుట్టుపని. రాకాసిపేటలో వాళ్లింటి ముందుగదిలో మిషన్ ఉంటుంది. వర్ని రోడ్డు క్యాంపులో ఉండే ఝాన్సీ అక్కడే బ్లౌజులు కుట్టించుకుంటుంది. ఝాన్సీ తాతలు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు చేసుకున్నవాళ్లు. ఇన్నేళ్లయినా ఆమె మాట మాత్రం అక్కడిదే.

"పెసరట్టు పిండికి మైదా ఎందుకే పిచ్చిదానా? నానబెట్టి రుబ్బు. మా పొలంలో పండినవే తెచ్చిస్తాను" అంది ఝాన్సీ, మైదా లేకుండా ఆ రొట్టె ఎట్లా అన్న బిల్కిస్ గోడు విని.

"గింజలే తే, ఝాన్సక్కా. గిర్నీల పట్టియ్యకు. గిర్నీల అందరి గోధుమలు పడ్తయి."

పిండిమరలో రాళ్ల మధ్య ముందు వాళ్ల పిండి నిలిచి ఉంటుందని ఆమె అప్పటికే ఆలోచించుకుంది. అందుకే ఏ పిండీ కొనలేదు. పెసలు, శనగపప్పు, కొన్ని జొన్నలు పళ్లెంలో పోసి, కలిసిపోయిన గోధుమ గింజ ఏదైనా ఉంటే ఏరిపారేసి, కడిగి నానబెట్టేది. జొన్నలు రాత్రే, పప్పులు పొద్దున. నీళ్లు దాదాపు పోయకుండా గట్టిగా రుబ్బేది. అందులో గుడ్డు పచ్చసొన, పెరుగు, వేయించిన పల్లీల పొడి, నూనె. తెల్లసొన వేరుగా నురగ వచ్చేదాకా గిలకొట్టి, చివర్లో పైపైన కలిపేది. నురగ చచ్చిపోతే రొట్టె బరువెక్కుతుంది. ఇవన్నీ ఆమె ఒకరోజులో నేర్వలేదు. పాడైనవన్నీ తానే తింది.

నేను రెండు ఇనుప పలకల మీద ఇనుము చెక్కే షేపర్ మిషన్‌తో అడ్డంగా, నిలువుగా గాళ్లు తీసి, మడత బందు వేసి, అచ్చు ఇచ్చాను. మూడోరోజే తిరిగి తెచ్చింది. రొట్టె సగం పై పలకకు, సగం కింది పలకకు అంటుకుంటోందట.

"నీ గళ్ల గోడలు నిట్టనిలువుగున్నయన్నా. మా బేకరీ డబ్బాలు సూసినవా? అన్నిటికి మూతి ఎడల్పు, అడుగు ఇరుకు. జర్ర వాలుంటేనే రొట్టె ఊడొస్తది."

ఏళ్ల తరబడి ఇనుము కోస్తున్న నాకు ఆ ఆలోచన రాలేదు. గోడలకు వాలు పెట్టి మళ్లీ కోశాను. పని పూర్తయ్యేసరికి లతీఫ్ అటుగా పోతూ ఆగితే, అచ్చు అతని చేతికే ఇచ్చాను.

"కొత్త ఇనుము కదా భయ్యా, బేకరీ భట్టీల పెట్టి నూనె పట్టిస్త. మా పని మేం చెయ్యాలె" అన్నాడు లతీఫ్ సంబరంగా.

ఆ తర్వాత రొట్టెలు పువ్వుల్లా ఊడివచ్చాయి. ప్రతి శుక్రవారం లతీఫ్ అచ్చును బేకరీకి తీసుకుపోయి, రొట్టెలు తీశాక మిగిలిన వేడిలో నూనె పట్టించి తెచ్చేవాడు. అల్మాస్ టిఫిన్ డబ్బా ఖాళీగా రావడం మొదలైంది. బడిలో పిల్లలు ముక్క అడుగుతున్నారని చెప్పి మురిసిపోయేది. ఒకరోజు బిల్కిస్ నాకూ రెండు పంపింది. ఒకటి ఉప్పుది, జీలకర్ర వేసింది. ఒకటి బెల్లం పాకం పోసింది. పైన కరకర, లోపల మెత్తన. పప్పుతో చేసిందని చెబితే తప్ప తెలియదు.

నెల తిరగకముందే పిల్ల కడుపు మళ్లీ ఉబ్బింది. నొప్పితో బడి మానేసింది. డాక్టరమ్మ చూసి, ఎక్కడో గోధుమ పోతోంది, వెతకండి అంది. చూపించుకోవాల్సిన గడువు దగ్గరపడుతోంది. దానికి తోడు పిల్ల పళ్లెం వైపే చూడటం మానేసింది. "తల్లి చేసిందే పడకపోతే ఇంక ఎవలు చేసింది తింటది?" అని బిల్కిస్ నాతో అన్నప్పుడు ఆమె గొంతు అరిగిన బేరింగులా ఉంది.

అయినా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఒక్కొక్కటే తీసేస్తూ పోయింది. పెరుగు తీసింది. పల్లీలు తీసింది. జొన్నలు తీసింది. అల్మాస్ మొహం తిప్పుకుంటే బతిమాలి ఒక ముక్క తినిపించేది. నొప్పి తగ్గలేదు. చివరికి ఝాన్సీని అడిగింది, పెసలు తెచ్చిన గోనె సంచిలో అంతకుముందు గోధుమలు ఏమైనా పోశారా అని. ఝాన్సీ మొహం మాడ్చుకుంది. "నీ కూతురికి పెట్టేవని కొత్త సంచిలో పోసి తెచ్చాను. అలాంటిది నన్నే అంటావా?" అని కుట్టకుండా ఉన్న బ్లౌజు గుడ్డ తీసుకుని వెళ్లిపోయింది.

ఆ మర్నాడు బిల్కిస్ అచ్చు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, అడుగుతున్నందుకు ఏమనుకోకు. నీ ఇనుముకు ఏమన్న మందు పూసినవా? అన్ని తీసి సూసిన. ఇంక గిదే మిగిలింది."

నేను ఏమీ పూయలేదు. కానీ మాట చెప్పేకంటే చూపించడం మేలు. పలక తెరిచి, సన్నటి సూదిమొన మేకుతో గడి మూలలో గీరాను. నల్లటి నూనె పొర కింద నుంచి బూడిదరంగు పెచ్చు ఊడింది. ఇంకో మూలలో గీరితే తెల్లటి పొడే రాలింది. బిల్కిస్ దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దింది. బేకరీ మేస్త్రీ కూతురు, బేకరీ మేస్త్రీ పెళ్లాం. ఆ వేళ్లకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

"మైదా" అంది.

ఆమె వెంటనే ఫోన్ తీసి లతీఫ్‌ను రమ్మంది. నా వైపు తిరిగి, "ఈ ముచ్చట గీడ్నే ఉండని అన్నా. వాళ్ల అబ్బా చేతితోని అయ్యిందని తెలిస్తె గా పిల్ల ఆయన ఇచ్చిన నీళ్లు గూడ తాగది" అంది.

లతీఫ్ వచ్చాడు. బిల్కిస్ పలక చూపించింది.

"ఏం రాసినవు దీనికి?"

"నూనె."

"ఇంకా?"

"ఇంకేముంది? నూనె రాసి, మూటతోని రెండు దెబ్బలు కొట్టి..." అంటూనే ఆగిపోయాడు.

బేకరీల్లో పల్చటి గుడ్డలో మైదా మూటగట్టి ఉంచుకుంటారు. నూనె రాసిన డబ్బా మీద దానితో తట్టితే సన్నటి పొడి రాలి రొట్టె అంటుకోకుండా కాపాడుతుంది. ఎక్కువైంది పోవడానికి డబ్బా బోర్లించి ఒక దెబ్బ కొడతారు. ఆ పొడి ఏ తూకంలోకీ రాదు. పిండి కలిపేటప్పుడు దాన్నెవరూ లెక్కలో వేసుకోరు. భట్టీ దగ్గరికి ఆడవాళ్లు పోయే అలవాటు లేదు కాబట్టి బిల్కిస్ కంటపడలేదు. బట్టల మీది పిండిని కడుక్కుని ఇంటికి వచ్చే మనిషి, ప్రతి శుక్రవారం అదే పిండిని భార్య పని సులువు చేయడానికని అచ్చుకు పూసి తెచ్చాడు.

లతీఫ్ నా స్టూలు మీద కూలబడ్డాడు. "రొట్టెల కలపలే బిల్కిస్. డబ్బాకు పూసిన, గంతే. ఉస్తాద్ నేర్పినప్పటి సంది గిది పిండి అని నేను అనుకోనేలే."

అరుస్తుందనుకున్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "నీ చెయ్యి మంచిదే. నీ మూటనే మంచిది కాదు" అంది. తర్వాత నాతో, "అన్నా, దీన్ని ఎర్రగ కాల్చు. కాలినంక అండ్ల ఏముంటది?" అంది.

కొత్తది చేసిస్తానన్నాను. ఒద్దంది. వాలు కుదిరిన అచ్చు మళ్లీ కుదురుతుందో లేదో అని ఆమె భయం. కొలిమిలో పెట్టి ఎర్రగా కాల్చాను. పలక వంకర పోకుండా బూడిదలో కప్పి తెల్లారేదాకా చల్లారనిచ్చాను. వైరు బ్రష్షు పట్టి, మూల మూలా గీకి, నేనే ఇంటికి తీసుకుపోయాను.

అంతలో ఆమె క్యాంపుకు పోయి ఝాన్సీకి జరిగింది చెప్పి, తప్పు ఒప్పుకుని వచ్చింది. "పోనీలేవే. ఈసారైనా చేతులు రెండూ సమానంగా కుట్టి ఏడువు" అని ఝాన్సీ గుడ్డ తిరిగి ఇచ్చిందట. దానితోపాటు కొత్త సంచిలో పెసలు.

లతీఫ్ ఇంట్లోనే, వాకిట్లో కూర్చుని, ఒట్టి నూనెతో పలకలను మూడుసార్లు కాల్చాడు. తర్వాత గడప దగ్గరికి జరిగి కూర్చున్నాడు. అల్మాస్ మూలన నిలబడి చూస్తోంది.

"నాకొద్దమ్మీ. గది తింటె కడుపు నొస్తది."

"నిన్నెవలు తినమన్నరు? వెంకట్ మామ తింటడు, మీ అబ్బా తింటడు. అచ్చు ఖరాబయ్యి ఉండె, కాల్పించిన. నాకు చెయ్యి గుంజుతున్నది, జర్ర నువ్వు పిండి పొయ్యి."

పిల్ల గరిటె అందుకుంది. మొదటిది తొందరపడి తెరిచింది. రెండుగా చీలింది. "సందులకెళ్లి ఆవిరి వస్తున్నంత సేపు ముట్టద్దు. ఆవిరి ఆగినంకనే అది నీతోని మాట్లాడ్తది" అంది తల్లి. రెండోసారి పిల్ల కళ్లార్పకుండా ఆవిరిని చూస్తూ నిలబడింది. ఆగాక తెరిచింది. గళ్లన్నీ పదునుగా, బంగారు రంగులో, ఎక్కడా చిరగకుండా ఊడివచ్చింది.

ఒక ముక్క తెచ్చి తండ్రికిచ్చింది. "ఎట్లున్నది అబ్బా?"

లతీఫ్ నమిలాడు. మేస్త్రీ మొహం పెట్టాడు. "ఏమో. అంచులు ఇంకా కరకరలాడాలె. తొందరపడ్డవు."

"ఏం తొందరపడలే! ఆవిరి ఆగినంకనే తీసిన."

"మరి గింత మెత్తగెందుకున్నది?"

అల్మాస్ పళ్లెం దగ్గరికి పోయి, అంచు విరిచి నోట్లో వేసుకుంది. కరుక్కున చప్పుడైంది. "సూడు! ఇనబడ్డదా?" అని ఇంకో ముక్క విరిచింది. అది కూడా తినేసింది. వాదన గెలవాలన్న పట్టుదలలో రొట్టె మొత్తం అయిపోయింది. బిల్కిస్ పొయ్యి వైపు తిరిగి, అవసరం లేకపోయినా పిండి కలుపుతూ నిలబడింది. లతీఫ్ తలుపు చెక్క మీద గోరుతో గీస్తూ కూర్చున్నాడు.

గడువు నాటికి నిజామాబాద్ పోయి వచ్చారు. హైదరాబాద్ పోవాల్సిన పని లేదని డాక్టరమ్మ చెప్పిందట. ఆ మాట నాకు చెప్పింది లతీఫ్, బిల్కిస్ కాదు. అచ్చు బందు వదులైందంటే బిగించడానికి పోయినప్పుడు ఆమె మిషన్ ముందు కూర్చుని బ్లేడుతో అల్మాస్ బడి డ్రెస్సు పక్క కుట్లు విప్పుతోంది. పిల్ల చిక్కినప్పుడల్లా లోపలికి వేసుకుంటూ వచ్చిన కుట్లు, ఒకదాని పక్కన ఒకటి.

"ఏం చేస్తున్నవమ్మా?" అన్నాను.

"బిగువైతున్నదంట" అని, ఇంకో వరుస విప్పింది.