నాయిన చేతులకు మైనం

మా మనుమరాలు ఈ మధ్య ఇంట్లోనే సబ్బులు, కొవ్వొత్తులు చేస్తోంది. నిన్న గిన్నె నా ముక్కు దగ్గర పెట్టి, "అవ్వా, గులాబీ వాసన మస్తుంది కదా?" అంది. నాకు గులాబీ తెలియలేదు. వేడి మైనం, కొబ్బరినూనె కలిసిన వాసన ఒక్కటే తెలిసింది.

కామాటిపురలో కూలీల ఒంటిగది చాళ్ళలో పెరిగిన నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. సిమెంటు పనికి మన నాయినల అరచేతులు పగిలి నెత్తురు వచ్చేది. ఆదివారం మధ్యాహ్నం మా అమ్మ మూడు చెంచాల కొబ్బరినూనె కాచి, అందులో ఒక చెంచా కొవ్వొత్తి తురుము కరిగించేది. గోరువెచ్చగా అయ్యాక నాయిన చేతులకు పట్టించి, పాత చీర గుడ్డలు చుట్టేది.

"ఏమే, ఒత్తి పెట్టి ముట్టిస్తవా ఏంది నన్ను?" అనేవాడు నాయిన.

"ముట్టిస్తే ఇల్లంత పొగే. కదలకు."

చేతులకు కట్లు ఉండేవి కాబట్టి ఆ పూట ఆయనకు అన్నం నేనే తినిపించేదాన్ని. వారమంతా నేను లేవకముందే పనికి పోయే మనిషి, అప్పుడు మాత్రం నా ఎదుట నోరు తెరిచి కూర్చునేవాడు.

"గింత చిన్న ముద్దలా? నేనేమన్న పిచ్చుకనా?"

ఒక వానకాలం పనులు ఆగిపోయాయి. పగుళ్ళన్నీ మానిపోయాయి. ఇక నా చేతి ముద్ద ఆయనకు అక్కర్లేదని నాకు ఏడుపొచ్చింది. కానీ ఆదివారం రాగానే నాయిన వచ్చి అమ్మ ముందు రెండు చేతులూ చాపాడు.

"పగుళ్ళేవి?" అంది అమ్మ.

"నీకేం కనబడతయ్? నువ్వైతే పట్టియ్యి. బిడ్డ తినిపిస్తది."

అమ్మ స్టవ్ వెలిగించింది. నేను చేతులు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పరుగెత్తాను.