పరీక్షకి రాని పేజీ

గణపతిరావుకి వ్యాపారం మీదికి మనసు మళ్లింది వ్యాపారం అంటే మోజుండి కాదు, సుత్తి అంటే విసుగెత్తి.

ఒరిస్సాలో కొరాపుట్ కొండల మీద ఫ్యాక్టరీ కాలనీ కట్టిన కొత్తలో, అరవైల మధ్యలో, గుణుపురం పక్క పొలం పని వదిలి వచ్చి అతను ఫోర్జ్ షాపులో చేరాడు. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మని పటకారుతో పట్టి యంత్రపు సుత్తి కింద పెట్టాలి. అది ధన్‌మని పడుతుంది, ఒళ్లంతా అదురుతుంది, దిమ్మని మళ్లీ తిప్పి పెట్టాలి. పదేళ్లు ఇదే పని. పదేళ్లకి కుడిచెవి సగం పోయింది, నడుము ముక్కాలు మూడొంతులు పోయింది. అన్నం ముద్ద నోటి దాకా తీసుకెళ్లేలోపు చెయ్యి వణికి సగం మెతుకులు కంచంలోనే రాలేవి. అయినా ఆ మనిషి ఏనాడూ ఒక్క మాట పైకి అనలేదు. అనడానికి ఓపిక ఉంటే కదా.

అనేదంతా భార్య సూర్యకాంతమ్మే. ఆవిడ అతనికి మేనమామ కూతురు, చిన్నప్పటి నుంచీ చనువు.

"ఈ ఉజ్జోగం మానీ బావా. నీ ఒళ్లు సూస్తే నాకు నిద్రట్టడం నేదు."

"మానీసి ఏటి సేస్తాను? పొలం సూస్తే అన్నదమ్ముల మధ్య ముక్కలైపోనాది. ఇనుము కాల్సడం తప్ప నాకేటొచ్చు?"

"రాకపోతే నేర్సుకో. నేర్సుకునీవోల్లకి కొమ్ములుంటాయేటి?"

ఆవిడ ఏదో మాటవరసకి అంది. అతను నిజంగానే పట్టుకున్నాడు.

కాలనీలో ఏదైనా నేర్చుకోవాలనుకున్నవాడు మన్మథరావు దగ్గరికి వెళ్లాల్సిందే. ఆయన అకౌంట్స్ సెక్షన్లో పనిచేసేవాడు, బి.కాం. పాసైన మనిషి. సాయంత్రాలు తెలుగు సంఘం వాళ్ల రీడింగ్ రూము తెరిచి కూర్చునేవాడు. కిరాణా కొట్టు పెడదామనుకున్నవాడికీ, కోళ్లు పెంచుదామనుకున్నవాడికీ ఆయనే పుస్తకాలు చెప్పేవాడు, డాక్టరు మందులు రాసిచ్చినట్టు. ముందు ఇది, ఇది ఒంటబట్టాక అది, దాని మీద ఇంకోటి. తను మాత్రం జన్మలో ఒక అగ్గిపెట్టె అమ్మి ఎరగడు. ఆ మాట ఆయనని ఎవరూ అడగలేదు, ఆయనా అనుకోలేదు.

గణపతిరావుకి ముందు కొట్టు లెక్కల మీద తెలుగులో పల్చటి పుస్తకం ఇచ్చాడు. తరువాత ఇంటర్ పిల్లల ఆర్థికశాస్త్రం. ఆఖర్న తను చదువుకున్న ఇంగ్లీషు పుస్తకం, దిండుకి బదులు పెట్టుకోవచ్చు, అంత లావు.

"అంతా చదవక్కర్లేదయ్యా. పెన్సిల్‌తో టిక్కులు పెట్టానే, అవి ముఖ్యం. ఇంటూలు పెట్టినవి వదిలెయ్. పరీక్షకి రావు."

గణపతిరావు ఏ పరీక్షా రాయబోవడం లేదు. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. చదువుకున్నవాడు చెప్పాడు, చదువుకోవలసినవాడు తలూపాడు, అంతే.

మూడేళ్లు చదివాడు పాపం. షిఫ్టు దిగి, స్నానం చేసి, రీడింగ్ రూములో డిక్షనరీ పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. సగం రోజులు పుస్తకం మీద తల వాల్చి నిద్రపోయేవాడు. మన్మథరావు తాళం వేసేముందు భుజం తట్టి లేపేవాడు. టిక్కు పెట్టిన పేజీలన్నీ అలాగే కుస్తీపట్టి ముగించాడు. ఇంటూ పెట్టిన పేజీని ఒక్కటీ తెరవలేదు. అర్థమైన ముక్కని రాత్రి భోజనాల దగ్గర పెళ్లానికి చెప్పేవాడు.

"ధర పెరిగితే అమ్మీవోల్లు సరుకు ఎక్కువ తెస్తారంట. తగ్గితే తక్కువ తెస్తారంట."

"ఈ మాటకి అంత లావు పుస్తకమేటి? సంతలో కూరలమ్మీ మా అమ్మన్నమ్మత్తనడిగితే సెప్పదా?" అని నవ్వేది సూర్యకాంతమ్మ. నవ్వినా, ఆ పుస్తకం మీద ఆవిడకి ఆశ ఉంది. మొగుణ్ణి ఆ సుత్తి కింద నుంచి లాక్కొచ్చేది ఏదైనా సరే, ఆవిడకి దేవుడితో సమానం.

డెబ్భైతొమ్మిది వేసవి ముందు కన్నయ్య తగిలాడు. సాలూరులో చింతపండు వర్తకుడు. కాలనీలో తెలుగు ఇళ్లకి ఏటా ఏడాదికి సరిపడా చింతపండు తెచ్చి వేసేది అతనే. గణపతిరావు చదువు సంగతి విని, "బొయిపరిగుడ సంతలో మంచి సరుకు దిగుతాది. ఒక్క లారీ నిండా నింపి కిందకి పంపించు సూద్దాం. పంపించగలిగితే ఏటేటా ఆ సంత నీకే ఒగ్గీస్తాను. ఇంక నువ్వు ఆ కొలిమి మొకం సూడక్కర్నేదు," అన్నాడు.

ఒక్క లారీ. అది నిండితే రాజీనామా. మొగుడూ పెళ్లాలిద్దరూ ఆ వారమంతా ఇంకో మాట మాట్లాడుకోలేదు.

సెలవు పెట్టి, లారీ కట్టించుకుని, జయపురం మీదుగా తెల్లారకముందే సంతకి చేరాడు గణపతిరావు. కొండల మీద ఊళ్ల నించి ఆడవాళ్లు నెత్తిన గంపలతో వరసకట్టి దిగుతున్నారు. అక్కడ ఎన్నో ఏళ్లుగా కొనే సావుకారు ఒకడున్నాడు. గోనె మీద కూర్చుని చౌకగా కొంటాడు, తూకంలో ఇంకాస్త నొక్కుతాడు. గణపతిరావు సరైన రాళ్లతో కాటా వేలాడదీశాడు. సావుకారు కంటే బాగా ఎక్కువ ధర చెప్పాడు. పుస్తకంలో ఉన్నది అదే కదా, ధర పెంచితే సరుకు వచ్చి పడాలి.

వచ్చి పడింది కూడా. మొదటి గంటలో గంపలు గంపలుగా వచ్చాయి. సావుకారు మొహం మాడిపోయింది. గణపతిరావుకి నడుం నొప్పి కూడా గుర్తులేదు.

ఆ తరువాత ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. గంపలో సగం చింతపండు అలాగే ఉంది. ఉప్పు కొనుక్కుని, కిరసనాయిలు పోయించుకుని, ఎండుచేపలు మూట కట్టుకుని, మిగిలిన గంప నెత్తిన పెట్టుకుని కొండెక్కుతున్నారు. మెడనిండా పూసలున్న ఒకావిడ వీపున పిల్లతో అతని ముందు నుంచే వెళుతుంటే ఆపాడు. కొండవాళ్లు మాట్లాడే దేశియా భాషలో, వచ్చీరాకుండానే, ఇంకా ధర పెంచుతాను, ఆ మిగిలిందీ ఇచ్చెయ్యమన్నాడు.

ఆవిడ ఆగి, వేళ్లు మడిచి చూపించింది. ఉప్పు అయింది. నూనె అయింది. చేప అయింది. ఇంకెందుకు? ఎప్పుడూ పొద్దు గుంకేదాకా కూర్చోవలసిన సంత మధ్యాహ్నానికే అయిపోయిందని ఆవిడ మొహం వెలిగిపోతోంది. పక్కవాళ్లతో ఏదో అని పకపకా నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

ఇతను ధర ఇంకొంచెం పెంచాడు. ఉన్నవాళ్లు ఇంకా తొందరగా వెళ్లిపోయారు. పొద్దు వాలకముందే సంత ఖాళీ. లారీ సగానికి కూడా రాలేదు. సగం లారీ చూసి కన్నయ్య పెదవి విరిచి, పోనీలే, వచ్చే సంతకి మిగతాది నింపు, అదే ఆఖరు అన్నాడు.

మర్నాడు గణపతిరావు రీడింగ్ రూముకి వెళ్లి జరిగింది చెప్పాడు. మన్మథరావు కళ్లజోడు సవరించుకుని లావు పుస్తకం తిరగేశాడు. ఒక పేజీ అడుగున, చిన్నక్షరాల్లో, అయిదారు వరసలు. పక్కన పెన్సిల్‌తో పెద్ద ఇంటూ.

"ఇదిగో, ఉంది! కొన్నిచోట్ల జనానికి అవసరాలు కొద్ది. ధర పెరిగితే కొంచెం అమ్మగానే చాలినంత వచ్చేస్తుంది, ఇంక అమ్మరు. చూశావా, పుస్తకం తప్పు కాదు. పరీక్షకి రాదని వదిలెయ్యమన్నానంతే." ఆయన మొహంలో సంతోషమే ఉంది. పుస్తకం పరువు దక్కింది మరి.

"అయితే ఇప్పుడు నాను ఏటి సెయ్యాలి బాబూ?"

"ఏముంది, ధర తగ్గించు. కావలసినవి కొనుక్కోవాలంటే గంపంతా అమ్మక తప్పదు. సావుకారు ఇన్నేళ్లూ చేస్తున్నది అదే కదయ్యా."

ఎంత తేలిగ్గా చెప్పాడో. అన్నం తిన్నాక రెండు మాత్రలు వేసుకో అన్నట్టు.

తరువాతి సంతకి గణపతిరావు సావుకారు ధరకే దిగాడు. ఆడవాళ్లు మొదట నమ్మలేదు. పోయినసారి చెప్పిన ధర చెప్పి చూశారు, గొణిగారు, సావుకారు దగ్గరికి వెళ్లి అక్కడా అదే మాట విని తిరిగొచ్చారు. ఇంక ఎవరూ లేవలేదు. గంపలు అడుగంటా ఒంపి కూర్చున్నారు. మధ్యాహ్నం దాటింది, ఎండ తిరిగింది. లారీలో బస్తాలు పేర్చుకుంటూ పోతున్నారు. అంతా పుస్తకంలో రాసినట్టే నడిచింది.

పూసల ఆవిడా వచ్చింది. గంపంతా అమ్మింది. ఉప్పు అయింది, చేప అయింది, నూనెకి చాలలేదు. పిల్లని పక్కావిడకి అప్పజెప్పి కొండెక్కింది. పొద్దుగుంకే వేళకి చెమటలు కక్కుతూ గుడ్డమూట ఒకటి తెచ్చి కాటాలో పెట్టింది. గింజలు తీసి, ఈనెలు తీసి, ఉప్పువేసి ముద్దలు చేసిన చింతపండు. అది అమ్మడానికి చేసింది కాదని చూడగానే తెలుస్తుంది. ఇంట్లో వానాకాలానికి దాచుకున్నది. ఇంకా ఏమైనా ఉందా అని లారీవాడు వేళాకోళంగా అడిగితే, లేదని తల అడ్డంగా తిప్పింది. ఈసారి ఎవరితోనూ నవ్వలేదు. కిరసనాయిలు సీసా పట్టుకుని లేస్తూ, ఒక చెయ్యి నడుముకి ఆనించి, ఒక్క క్షణం వంగి అలాగే ఉండిపోయింది.

గణపతిరావు షిఫ్టు దిగినప్పుడల్లా లేచేది సరిగ్గా అలాగే. అతనికి సిగ్గేసింది. సిగ్గంటే మామూలు సిగ్గు కాదు, కాటా వదిలేసి ఎటైనా పోవాలనిపించేంత సిగ్గు.

లారీ నిండింది. సాలూరులో కన్నయ్య వీపు చరిచి, ఇంకేటి, ఏటేటా నీదే ఆ సంత అన్నాడు.

ఆ కబురు అతనికంటే ముందు ఇంటికి చేరింది. గుమ్మంలోనే ఎదురొచ్చింది సూర్యకాంతమ్మ. ఆవిడ మొహంలో అంత వెలుగు చూసి గణపతిరావుకి ఏళ్లయింది.

"రేపే కాయితం ఇచ్చీ బావా. ఒక్కరోజు కూడా ఇంకెల్లొద్దు."

అతను చెప్పులు విప్పి గోడకి చేరగిలబడ్డాడు. జరిగిందంతా చెప్పాడు. పూసల ఆవిడ సంగతి రెండుసార్లు చెప్పాడు, మొదటిసారి సరిగ్గా చెప్పలేదేమోనని. ఆఖర్న, "ఈ బేరం నావల్ల కాదే," అన్నాడు.

సూర్యకాంతమ్మ ముందు నమ్మలేదు. తరువాత మండిపడింది.

"నువ్వు కొనకపోతే ఆ సావుకారు కొనడా? నువ్వు మానీసినంత మాత్రాన ఆ మడిసికి ఒరిగీదేటి?"

"ఏటీ ఒరగదు."

"మరి?"

"ఒరగదని నాకూ తెల్సు. సాయంత్రం లెగిసినప్పుడు ఆవిడ నడుం పట్టుకుంటే నా నడుమే పట్టీసినట్టనిపించింది. ఏటేటా ఆ సంతలో కూకుని అది సూడ్డం నావల్ల కాదు."

"మరి నీ సెయ్యి? నీ సెవి? మూడేల్లు సదివీవు కదా, దేనికి సదివీవు? నా కోసమైనా సూసుకోవా?"

అతను తల వంచుకు కూర్చున్నాడు. ఆవిడ ఏడ్చినంతసేపు ఏడ్చింది. మొగుడి మీద కోపమో, ఆ కొండమీద మనిషి మీదో, ఆ పుస్తకం మీదో ఆవిడకే తెలీలేదు. అతను ఓదార్చబోతే చెయ్యి తోసేసింది. చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. గుడ్డల పెట్టె తెరిచి, అడుగున మడిచి పెట్టేసిన ఫ్యాక్టరీ ఖాకీ చొక్కా పైకి తీసి, చేత్తో మడతలు సాపు చేస్తూ అడిగింది.

"రేపు ఏ షిఫ్టు?"

"ఫస్టు."